ఒక్క తీగే ఉన్న ఆఫ్రికా సంగీత విల్లులో అన్ని స్వరాలు ఎలా పలుకుతాయి?

తీగ ఒక్కటే అయినా దాని నాదంలో హార్మోనిక్స్ అనే సన్నటి పైస్వరాలు ఎన్నో కలిసి ఉంటాయి. వాయించేవారు వాటిలో కావలసినదాన్ని ఎంచి బలంగా వినిపిస్తారు.

దక్షిణాఫ్రికాలో ఖోసా జాతి స్త్రీలు వాయించే ఉహాదీ అనే విల్లునే చూడండి. విల్లు కింది భాగాన ఎండిన సొరబుర్ర కట్టి ఉంటుంది. తీగను సన్నటి పుల్లతో కొడుతూ, బుర్ర మూతిని రొమ్ముకు ఆనిస్తూ, కాస్త ఎడం చేస్తూ ఉంటారు. మూతి తెరుచుకునే కొద్దీ పై స్వరాలు, మూసుకునే కొద్దీ కింది స్వరాలు తేలుతాయి. తీగను వేళ్ళతో నొక్కిపడితే మూలస్వరమే ఒక మెట్టు పెరుగుతుంది. అంటే మూలస్వరాలు రెండే, ఒక్కోదాని మీద పైస్వరాల వరస ఒకటి. ఇంత కొద్దిపాటి సామగ్రితో నిండైన పాట పుట్టడం నిజంగా అబ్బురం. 2022లో కన్నుమూసిన మదోసిని అనే ఖోసా కళాకారిణి ఈ వాద్యాన్ని విదేశీ వేదికల మీదా వినిపించారు.

బుర్ర ఉన్నది శబ్దం పెంచడానికే అని చాలామంది అనుకుంటారు. స్వరాన్ని ఎంచేదీ అదే. ఇక ఉమ్రుబే అనే నోటి విల్లును ఊదుతారనుకోవడమూ పొరపాటే. తీగను పుల్లతో రాస్తారు, బుర్ర చేసే పనిని నోరు చేస్తుంది.