టెన్స్ అనాలా, టెన్స్‌డ్ అనాలా?

"ఐ యామ్ టెన్స్‌డ్" అనొచ్చా, టెన్స్‌కీ నర్వస్‌కీ తేడా ఏంటి అని అడిగారు కదా, ఈ టెన్స్‌డ్ దగ్గర నేనే బోల్తా పడ్డాను కాబట్టి చెప్తా.

హైదరాబాద్‌లో ఫస్ట్ జాబ్, లండన్ క్లయింట్‌తో కాల్, తెల్లారితే రిలీజ్. ఆయన ఎలా ఉన్నావమ్మా అన్నట్టు అడిగితే "ఐ యామ్ వెరీ టెన్స్‌డ్" అన్నా. రెండు సెకన్లు సైలెన్స్, తర్వాత "టెన్స్?" అన్నాడు పాపం మెల్లగా, నేనేమో సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా "యెస్, టెన్స్‌డ్" అన్నా. కాల్ అయ్యాక మా లీడ్ మేడమ్ నవ్వి, మన దగ్గర అందరూ అంటార్లే కానీ వాళ్ళు అలా అనరు అని చెప్పింది. టైర్డ్, వరీడ్, స్కేర్డ్ నోట్లో నాని ఉంటాయి కదా, ఆ ఊపులో దీనికీ చివర డ్ తగిలించేస్తాం. టెన్స్ దానికదే విశేషణం, "ఐ యామ్ టెన్స్", "ఐ ఫెల్ట్ టెన్స్" అంటే చాలు. క్రియగా వాడినప్పుడే టెన్స్‌డ్ వస్తుంది, సూది చూడగానే వాడి చెయ్యి బిగుసుకుపోయింది అనాలంటే "హిజ్ ఆర్మ్ టెన్స్‌డ్" అన్నట్టు.

ఇక అర్థం. లాటిన్‌లో టెండెరె అంటే లాగడం, సాగదీయడం, టెన్స్ అక్కడిదే, మనం వేసుకునే టెంట్ కూడా. మా తాతయ్య నులక మంచం కుంగిపోతే కాళ్ళ వైపు తాడు ఒక్కో వరసా లాగి బిగించి వేలితో మీటి చూసేవాడు, ఆ బిగువు అన్నమాట. (అచ్చంగా తాడుకైతే టాట్ అనే మాట ఎక్కువ వాడతారు.) కరెంటు వాళ్ళ హైటెన్షన్ లైన్‌లో టెన్షన్ అంటే మాత్రం వోల్టేజీ, ఆ గొడవ మనకొద్దు.

నర్వస్ అంటే లోపల గుబులు, ఏమవుతుందో అని. టెన్స్‌కి గుబులు ఉండాలనేం లేదు. ఇంట్లోంచి పని చేసిన రోజుల్లో నాకు మెడనొప్పి వస్తే ఫిజియో ఆవిడ భుజాలు నొక్కి చూసి "ఎంత టెన్స్‌గా పెట్టుకున్నారండీ" అంది, నాకు భయమూ లేదు ఏమీ లేదు, రోజంతా ల్యాప్‌టాప్ మీద వంగి కూర్చోవడమే. అందుకే మనిషికే కాదు, కండరాలకీ, మీటింగ్‌కీ, రెండు దేశాల సంబంధాలకీ అన్నింటికీ టెన్స్ సరిపోతుంది.

తెలుగులోకి మార్చేటప్పుడే చూసుకోవాలి, ఒకే మాట అన్నిచోట్లా కుదరదు. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్, సౌతాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, అది ఉత్కంఠ. ఊళ్ళో రెండు వర్గాలు ఎదురుపడి పోలీసులు దిగితే ఉద్రిక్తం. తిప్పి రాసి "ఉద్రిక్త మ్యాచ్" అన్నారనుకోండి, గ్రౌండ్‌లో కొట్టుకున్నారేమో అనుకుంటారు జనం!

ఇంటెన్స్‌తో కలపకండి, అది తీవ్రత, మే నెల ఎండలాంటిది. గ్రామర్‌లో టెన్స్ అసలు వేరే మాట, లాటిన్‌లో కాలం అని అర్థమున్న టెంపస్ నుంచి వచ్చింది. ఇంట్లో మాత్రం నేను టెన్షన్‌గా ఉంది అనే అంటా, మా అమ్మ ఇంగ్లీష్ టీచర్, "నేను టెన్స్" అంటే పాస్టా ప్రెజెంటా అని అడుగుతుంది.