మెల్‌బోర్న్‌లో సొంత వైన్‌తో వెళ్లదగిన రెస్టారెంట్లను ఎలా ఎంచుకోవాలి?

మెల్‌బోర్న్‌లో మన వైన్ సీసాను మనమే తీసుకెళ్లి భోజనం చేయగల మంచి రెస్టారెంట్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. అక్కడ ఈ పద్ధతిని బీవైఓ (బ్రింగ్ యువర్ ఓన్, అంటే మీది మీరే తెచ్చుకోండి) అంటారు. మెల్‌బోర్న్ ఉన్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర మద్య చట్టంలో దీనికి ప్రత్యేక అనుమతి కూడా ఉంది. నా అభిప్రాయంలో రిచ్‌మండ్‌లోని విక్టోరియా స్ట్రీట్, ఫుట్‌స్క్రే ప్రాంతాల వియత్నామీ భోజనశాలలతో వెతకడం మొదలుపెట్టడం మేలు. కార్ల్‌టన్‌లోని లైగన్ స్ట్రీట్ ఇటాలియన్ రెస్టారెంట్లను ఆ తరువాత చూడవచ్చు.

బయట బోర్డు మీద బీవైఓ అని ఉన్నా ముందుగా ఫోన్ చేయండి. సీసా తెరిచి గ్లాసులు అందించినందుకు వసూలు చేసే కార్కేజ్ రుసుమును సీసాకు లెక్కిస్తారా, మనిషికి లెక్కిస్తారా అన్నది తప్పక అడగాలి. ఉదాహరణకు ఆరుగురు రెండు సీసాలతో వెళితే, మనిషికి 5 డాలర్ల చొప్పున 30 డాలర్లు అవుతుంది, సీసాకు 10 డాలర్ల చొప్పున అయితే 20తో సరిపోతుంది. చాలాచోట్ల వైన్‌ను మాత్రమే అనుమతిస్తారు, బీరునూ విస్కీనీ అనుమతించరు. కొందరు వారాంతాల్లో వైన్‌ను కూడా ఒప్పుకోరు.

మిరపకారం, నిమ్మ పులుపు, చేప సాస్ కలిసిన వియత్నామీ వంటకాలకు బాగా చల్లబరచిన రీస్లింగ్ అనే వైట్ వైన్ ఎంతో చక్కగా కుదురుతుంది. వగరు ఎక్కువగా ఉన్న ఘాటైన రెడ్ వైన్ ఆ కారపు మంటను ఇంకా పెంచుతుంది కనుక దానిని ఇటాలియన్ మాంసం వంటకాలకు ఉంచుకోండి.