రేణిగుంట షెడ్డులో రెండు సీట్ల విమానం కట్టాలంటే దేని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రేణిగుంట దగ్గర షెడ్డు ఉంది, వెల్డింగూ ఫిట్టింగూ చేతనవును. ప్లాన్లు కొని 80 హార్స్‌పవర్ రోటాక్స్ 912 ఇంజన్‌తో రెండు సీట్ల విమానం కట్టాలనుకుంటున్నారు. సామాను ఇక్కడే దొరుకుతుందా, సొంత పొలంలోంచి ఎగరొచ్చా, ప్రాణాల మీదికి రాకుండా ఏం చూసుకోవాలి?

పొలం సంగతి ముందు తేల్చేద్దాం. అనుమతి లేకుండా కుదరదు. రేకు కోయకముందే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి రాయండి. రెక్క మూసేశాక లోపలి రివెట్లు ఎవరికీ కనపడవు, కనపడనిదాన్ని ఎవరూ ఒప్పుకోరు. అందుకే ప్రతి దశకూ ఫొటో, ప్రతి రేకుకూ బిల్లు, టెస్ట్ సర్టిఫికెట్టు మొదటి రోజు నుంచే ఫైల్లో పెట్టుకోండి. ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన అమోల్ యాదవ్ 2016లో దాన్ని అందరికీ చూపించారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది. అంత ఓపిక ఉండాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి 17 ఏళ్లు నిండాలి, క్లాస్ 2 మెడికల్ కావాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. విమానం కడుతూనే ఈ శిక్షణ కానివ్వండి. రేణిగుంటలో రోజూ ప్రయాణికుల విమానాలు తిరుగుతాయి. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడు నోటామ్ (పైలట్లకిచ్చే హెచ్చరిక నోటీసు) ఇచ్చి ఆకాశం మూస్తారు. షెడ్డు తలుపు తీసేముందు నోటామ్ చూసే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి.

సామాను విషయంలో ఊళ్లో దొరికేది చాలావరకు పనికిరాదు. తలుపులకూ కిటికీలకూ అమ్మే అల్యూమినియం సెక్షన్లు 6063 రకం. ప్లాన్‌లో రాసిన 6061-టీ6తో పోలిస్తే మామూలు 6063-టీ5 బలం సగం చిల్లర. చూడ్డానికి రెండూ ఒకటే, అదే ప్రమాదం. టేకు బరువెక్కువ, పైగా అందులోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. హార్డ్‌వేర్ షాపు బోల్టులు వద్దు, విమానాల ప్రమాణానికి చేసిన ఏఎన్ బోల్టులే తెప్పించండి. పావు అంగుళం ఏఎన్4 బోల్టుకు బిగింపు 50 నుంచి 70 అంగుళం-పౌండ్లు, అంటే సుమారు 5.6 నుంచి 7.9 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో బిగించొద్దు, టార్క్ రెంచ్ వాడండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) ముందు వేడి భాగాల్లో నైలాన్ లాక్ నట్టు వద్దు, అక్కడ పూర్తి లోహపు లాక్ నట్టే ఉండాలి. తిరిగే కీలు దగ్గర క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్ను. 4130 క్రోమోలీ ఉక్కు ట్యూబు వెల్డింగు చేసేటప్పుడు ఉక్కపోత ఎంతున్నా ఫ్యాను వేయొద్దు. గాలికి అతుకు తొందరగా చల్లారి పెళుసుబారుతుంది, పగులు పక్కనే వస్తుంది. ఎపాక్సీ జిగురు కూడా మే నెల వేడికి డబ్బాలోనే గట్టిపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే పనిచేసే సమయం దాదాపు సగమవుతుంది. అందుకే కొంచెం కొంచెంగా, తెల్లవారుజామున కలపండి.

ఇక అసలు విషయం. కొత్తగా కట్టేవాళ్లు రెక్క విరుగుతుందేమోనని భయపడతారు. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇళ్లలో కట్టిన విమానాల మీద 2012లో అధ్యయనం చేసింది. అందులో అన్నిటికన్నా ఎక్కువగా తేలినవి రెండు: ఇంజన్ ఆగిపోవడం, గాల్లో అదుపు తప్పడం. ఇంజన్ కంపెనీదే కావొచ్చు, దానికి పెట్రోలు అందించే ఏర్పాటు మాత్రం మీరు చేసిందే. మీ శ్రమలో పెద్ద వాటా అక్కడ పెట్టండి.

ముందు పెట్రోలు. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. రోటాక్స్ 912 శ్రేణికి కంపెనీ ఒప్పుకున్నది 10 శాతం వరకే. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరు పైపుల్నీ ట్యాంకు లోపలి పూతల్నీ తినేస్తుంది, తేమను పీల్చుకుంటుంది, వేడికి పైపులో ఆవిరి అడ్డుపడే గుణాన్ని పెంచుతుంది. ప్రతి డబ్బానూ ఇలా పరీక్షించండి: 100 మిల్లీలీటర్ల కొలగొట్టంలో 10 నీళ్లు, 90 పెట్రోలు పోసి మూత బిగించి బాగా కుదిపి, పది నిమిషాలు వదిలేయండి. కింది పొర 10 దగ్గరే నిలిస్తే ఇథనాల్ లేదు. 20 శాతం పెట్రోలైతే అది 28 దగ్గరికి చేరుతుంది. నీళ్లు కలిపి ఇథనాల్ కడిగేసి ఆ పెట్రోలు వాడదామని కొందరంటారు, చేయొద్దు. ఆక్టేన్ పడిపోతుంది, నీటి చుక్కలూ మిగులుతాయి. మంచి దారి ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదరలో 100ఎల్ఎల్ రకం ఏవ్‌గ్యాస్ తయారుచేస్తోంది. అందులో సీసం ఉంటుంది కాబట్టి 30 శాతానికి మించి దానిమీదే నడిపితే ఆయిల్ 25 గంటలకే మార్చాలి.

తర్వాత ప్రవాహం. ఈ ఇంజన్ టేకాఫ్‌లో గంటకు సుమారు 24 లీటర్లు తాగుతుంది. పంపుతో వచ్చే ఏర్పాటైతే అందులో 125 శాతం, ట్యాంకు పైనుంచి దానంతటదే దిగే ఏర్పాటైతే 150 శాతం రావాలి. అంటే నిమిషానికి 500 లేదా 600 మిల్లీలీటర్లు. కొలిచే పద్ధతే ముఖ్యం. చదునుగా నిలబెట్టి నిండు ట్యాంకుతో కొలిస్తే ఎవరికైనా పాసవుతుంది. ముక్కు చక్రాన్ని దిమ్మెల మీదికి ఎక్కించి, మీ గరిష్ఠ క్లైంబు కోణం కన్నా 5 డిగ్రీలు ఎక్కువ పెట్టి, ట్యాంకులో అడుగున కొద్దిగా మాత్రమే పెట్రోలు ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి డబ్బాలోకి పట్టండి. ఇక్కడ ప్రవాహం సన్నబడితే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి: ట్యాంకు నోటి జాలీ చిన్నది, పైపు ఎక్కడో మెలిక తిరిగింది, లేదా ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం మూసుకుంది. మన షెడ్లలో మట్టిగూడు కట్టే కందిరీగలు ఈ గాలి గొట్టాన్నీ, వేగం కొలిచే పిటో గొట్టాన్నీ ఒక్క వారంలో మూసేస్తాయి. ఎర్ర రిబ్బను కట్టిన మూతలు వేయండి, ఎగిరేముందు తీయండి. నీళ్లు వడకట్టే డ్రెయిను, విమానం నేలమీద నిలబడ్డ వాలులో అన్నిటికన్నా కింద ఉండాలి. బానెట్ లోపలి పైపులకు ఫైర్ స్లీవ్ తొడిగి, ఎగ్జాస్ట్‌కు దూరంగా నడపండి. ట్యాంకులోకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపును అనవసరమనుకుని తీసేయొద్దు. వేడికి పుట్టే ఆవిరి బుడగలు దాంట్లోంచే బయటపడతాయి.

తూకం దగ్గర కూడా నిదానించాలి. దామలచెరువు మామిడి మండీల్లో వాడేలాంటి 300 కిలోల ఎలక్ట్రానిక్ కాటాలు మూడు సరిపోతాయి. తెలిసిన బరువుతో ముందు సరిచూసి, మూడూ ఒకే ఎత్తులో పెట్టి, గాలి ఫ్యాను లేని చోట తూచండి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. దూరాలన్నీ రెక్క ముందంచు నుంచి. వెనక చక్రాల రెండింటి మీద కలిపి 230 కిలోలు, 0.60 మీటర్ల దగ్గర. ముక్కు చక్రం 60 కిలోలు, 0.85 మీటర్లు ముందుకు. 138 లోంచి 51 తీసేస్తే 87, దాన్ని 290తో భాగిస్తే 0.30 మీటర్లు, అదే గురుత్వ కేంద్రం, అంటే బరువంతా తూగే చోటు. రెక్క వెడల్పు 1.30 అయితే 23 శాతం, బాగుంది. ఇప్పుడు 75 కిలోల మనుషులిద్దరు 0.55 దగ్గర, 50 లీటర్ల పెట్రోలు అంటే 36 కిలోలు 0.70 దగ్గర కలపండి: 476 కిలోలకు 0.409, అంటే 31.5 శాతం. వెనక 1.20 దగ్గర 10 కిలోల సామాను పెడితే 32.7. అదే 15 కిలోలైతే 33.3. ప్లాన్‌లో వెనక హద్దు 33 అని రాసి ఉంటే, ఐదు కిలోల బ్యాగు మిమ్మల్ని హద్దు దాటించింది. గురుత్వ కేంద్రం వెనక్కి పోతే స్టాల్ (రెక్క ఎత్తే శక్తి పోవడం) నుంచి ముక్కు దించడం కష్టమవుతుంది, గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్పిన్‌లో పడితే బయటపడలేకపోవచ్చు. రంగు వేశాక మళ్లీ తూచాలి. ఎలివేటర్ (తోక మీద కదిలే పలక), ఐలరాన్ (రెక్క చివర కదిలే పలక) బ్యాలెన్సు కూడా రంగు తర్వాతే సరిచూడాలి. రంగు బరువు కీలు వెనక చేరితే వేగం పెరిగినప్పుడు ఫ్లట్టర్ (పలక విపరీతంగా అదరడం) మొదలై రెప్పపాటులో ముక్కలవుతుంది. విమానం నడిపే కర్ర ఎడమకు తిప్పితే ఎడమ ఐలరాన్ పైకి లేవాలి. కేబుళ్లు తారుమారుగా బిగించినవి కూడా ఎగరబోయాయి, ఇది ఇద్దరు విడివిడిగా చూడాలి.

మొదటి ఎగురుడు వేళ సంగతి. రేణిగుంట ఎత్తు సముద్రమట్టం నుంచి 350 అడుగులే అయినా, మే నెలలో 42 డిగ్రీలుంటే ఇంజనుకూ రెక్కకూ అది దాదాపు 3,700 అడుగుల ఎత్తులాగే ఉంటుంది. చిత్తూరు ఎత్తు 330 మీటర్లు, 40 డిగ్రీలకే అక్కడ 4,300 దాటుతుంది. 80 హార్స్‌పవర్ 70 దగ్గరికి దిగుతుంది. ప్లాన్‌లో 200 మీటర్ల పరుగని ఉంటే మీరు 300 లెక్కేసుకోండి. పొద్దున ఆరు, ఏడు గంటలకే ఎగరండి. పదిన్నర దాటితే ఎండాకాలం సుడిగాలులు లేస్తాయి. జూన్ నుంచి మధ్యాహ్నాలు పడమటి గాలి శేషాచలం కొండలు దిగుతూ మెలికలు తిరుగుతుంది. నవంబరు, డిసెంబరు ఉదయాల్లో 20 డిగ్రీల తేమలో పవర్ తగ్గిస్తే కార్బురేటర్లో మంచు కట్టగలదు, ఆ నెలల్లో కార్బురేటర్ హీటు మర్చిపోవద్దు.

టాక్సీ పరీక్షలు, అంటే నేల మీద నడిపి చూడడం, నెమ్మదిగా చేయండి. వేగంగా పరిగెత్తిస్తే అనుకోకుండా గాల్లోకి లేచి, సిద్ధంగా లేనప్పుడు దిగాల్సి వస్తుంది. మొదటి 40 గంటలు ఒక్కరే, పక్క సీటు ఖాళీ. లేచాక పవర్ తగ్గించకుండా ఫీల్డు మీదే 3,000 అడుగులకు ఎక్కండి. అక్కడే స్టాల్ వేగం కనుక్కుని, దానికి 1.3 రెట్లతో దిగండి. తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే వెనక్కి తిరగొద్దు, ముందున్న చోటే దించండి. మామిడితోట పైకి వెళ్లాల్సొచ్చినా, మలుపులో స్టాలవడం కన్నా అదే మేలు.

చెక్క ప్రొపెల్లర్ అయితే మొదటి గంట తర్వాతా, వానలు పోయి ఎండలు మొదలయ్యాకా బోల్టులు మళ్లీ టార్క్ చేయండి. తేమ ఆరితే చెక్క ముడుచుకుని బిగింపు వదులవుతుంది.