లాల్‌బాగ్ బండకు ఆ మడతలెక్కడివి?

ప్రశ్న: రోజూ పొద్దున్నే లాల్‌బాగ్‌లో వాకింగ్ చేస్తాం. కెంపేగౌడ బురుజు ఉన్న బండ మీద నలుపు, తెలుపు చారలు కొన్నిచోట్ల పాములా మెలికలు తిరిగి ఉంటాయి. మామయ్యగారేమో లావా పారిన గుర్తులంటారు. సుత్తితో కొడితే పగిలే రాయి అలా ఎలా వంగింది? – ఒక పాఠకురాలు, జయనగర, బెంగళూరు

జవాబు: మామయ్యగారితో గొడవ పెట్టుకోకండి గానీ, అది లావా కాదండీ. లావా పైకొచ్చి త్వరగా చల్లారిపోతుంది కాబట్టి చాలావరకు దాని గింజలు కంటికి ఆనవు. ఈ బండలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల గింజలు వంగి చూస్తే తెలుస్తాయి, నల్ల చారల్లో మెరిసేది అభ్రకం. ఇలా చారలున్న రాయిని నైస్ (gneiss) అంటారు, వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దక్షిణాదిన పరుచుకున్న ఈ రకం రాళ్లకు 1916లో 'పెనిన్సులర్ నైస్' అని పేరు పెట్టింది మైసూరు సంస్థానం భూగర్భ శాఖలో పనిచేసిన స్మీత్.

వంగడమంటారా, కమ్మరి ఇనుమును కరిగించడు, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచుతాడు. రాయిదీ అదే కథ. భూమిలోకి కిలోమీటరు దిగితే 25-30 డిగ్రీల వేడి పెరుగుతుంది. 300 డిగ్రీల దగ్గర పలుగురాయి, 450-500 దగ్గర ఫెల్డ్‌స్పార్ మెత్తబడతాయి, అంటే కరగవు, గట్టిగానే ఉండి లోపలి అణువుల వరుసలు మెల్లగా జారతాయి. పైనున్న రాళ్ల బరువుకి పగుళ్లు తెరుచుకునే చోటే ఉండదు, పైగా తొందరేం లేదు, లక్షల ఏళ్ల నొక్కుడు. మీ సుత్తి దెబ్బ పడేది చల్లటి రాయి మీద, ఒక్క క్షణంలో. అయితే 650 డిగ్రీలు దాటి, కాస్త నీటి తడి కూడా ఉంటే ఇలాంటి రాళ్లలో కొంత భాగం నిజంగానే కరిగి తెల్ల చారలవుతుంది, అందుకు మామయ్యగారికి అర మార్కు.

ఇంట్లో ఒక చీర, ఒక బొంత పక్కపక్కన పరిచి అంచు పట్టి తోయండి. చీరకు బోలెడు చిన్న ముడతలు, బొంతకు పెద్దవి రెండో మూడో. బండ మీద సన్న చారకు, దళసరి చారకు తేడా అలాగే ఉంటుంది. మడతను సగానికి చీల్చే గీత ఊహించుకుంటే నొక్కుడు దాదాపు దానికి అడ్డంగా వచ్చిందన్నమాట. కాకపోతే మడతపెట్టిన చీరను మళ్లీ మడిచినట్టు మడతలకే మడతలు పడ్డ చోట ఈ లెక్క కుదరదు, జియాలజీ వాళ్లే తల పట్టుకుంటారు.

వాన వెలిశాక వెళ్తే తడి బండ మీద చారలు బాగా తేలతాయి, జారుడు మాత్రం చూసుకోండి. సుత్తి తీసుకెళ్లకండి, అది జాతీయ భూగర్భ స్మారకం.