బేరీజులో బేరం ఉందా?

ప్రశ్న: మా అబ్బాయికి రెండు సంబంధాలు వచ్చాయి. "రెండూ బేరీజు వేసుకుని ఆదివారం చెప్తాం" అని మధ్యవర్తితో అన్నాను. పక్కనే ఉన్న మా ఆడపడుచు "ఆడపిల్లల దగ్గర బేరం మాటేంటి వదినా?" అని నొచ్చుకుంది. బేరీజు అనే మాట బేరం నుంచి వచ్చిందా? అంచనా, మదింపు అన్నా ఇదే అర్థమా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బేరానికీ బేరీజుకీ చుట్టరికం లేదు. వినడానికి దగ్గరగా ఉన్నాయంతే. బేరీజు మనకు మరాఠీ వైపు నుంచి వచ్చింది. మహారాష్ట్ర బడుల్లో ఈనాటికీ కూడికలు, తీసివేతల్ని 'బేరీజ్, వజాబాకీ' అంటారు. ఆ వజా, ఆ బాకీ కూడా మన ఇళ్లలో తిరిగే మాటలే. అడ్వాన్సు వజా చేసుకుంటాం, పాలబ్బాయికి బాకీ పడతాం.

మా తాతగారు కరణం. 1984లో కరణాల పదవులు రద్దయ్యే దాకా ఊరి లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఏటా ఊరి శిస్తు లెక్కలు తనిఖీ చేసే జమాబందీ దగ్గర పడిందంటే అరుగు మీద దస్తరం విప్పుకుని కూర్చునేవారు. సర్వే నంబర్ల వారీగా శిస్తులన్నీ కూడగా అడుగున తేలే మొత్తం ఉంటుందే, అదీ బేరీజు. ఒక్క అంకె తప్పినా మళ్లీ పై నుంచి కూడాలి. ఆ రాత్రుళ్లు మాకు కథలు ఉండేవి కావు. చూడండి, ఈ మాటలో అసలు వెల ఊసే లేదు, మొత్తం అని మాత్రమే. దేన్నీ వదలకుండా లెక్కలోకి తీసుకుంటేనే అది తేలుతుంది. మంచీచెడూ అన్నీ చూసుకుని ఒక నిర్ణయానికి రావడమనే అర్థం అలాగే పట్టిందని నా నమ్మకం.

అంచనా అలా కాదు. మామిడి తోట పూత మీద ఉండగానే "ఈసారి పది టన్నులు దిగుతుంది" అనడం అంచనా. గాలివాన వస్తే తప్పుతుంది, ఎవరూ తప్పు పట్టరు. మదింపు అధికారం ఉన్నవాళ్లు చేసేది: ఇంటి పన్ను మదింపు, పంట నష్టం మదింపు. జవాబు పత్రాలకైతే మూల్యాంకనం అని కాగితం మీద రాస్తారు గానీ, పదో తరగతి పేపర్లు దిద్దినన్నాళ్లూ మా టీచర్లందరం వాల్యుయేషన్ అనే అనుకున్నాం.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. బేరీజు వేయాలంటే కనీసం రెండు ఉండాలి. లాభనష్టాలు బేరీజు వేసుకుంటాం, రెండు ఉద్యోగాలు బేరీజు వేసుకుంటాం. "ఈ ఇంటి ధర బేరీజు వేయండి" అని కొందరు రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అక్కడ "వెల కట్టండి" అంటే ఎంత హాయిగా ఉంటుంది!

ఇక మీ ఆడపడుచు సంగతి. వ్యుత్పత్తి ఎలా ఉన్నా ఆవిడ నొచ్చుకోవడం నాకు అర్థమైంది. మా అక్కను చూసి వెళ్లినవాళ్లు "ఇంకో సంబంధంతో బేరీజు వేసుకుని కబురు పెడతాం" అన్నారు. ఆ పూట అక్క అన్నం తినలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ కంచం నాకు గుర్తే. ఆదివారం మధ్యవర్తికి ఫోన్ చేసినప్పుడు "ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం" అని మొదలుపెట్టండి. ఆడపడుచు గారికి మాత్రం ఈ కరణాల లెక్క కూడా చెప్పండి.