స్టెయినింగ్ రిపోర్టు కోసం మందు ఆపవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 36 ఏళ్లు. మూత్రంలో ప్రొటీన్, రక్తం పోతున్నాయని కిడ్నీ బయాప్సీ చేశారు. కొన్ని గ్లోమెరులైలో (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాల ఉండలు) క్రెసెంట్లు (తీవ్రంగా దెబ్బతిన్నాయనడానికి గుర్తయిన నెలవంక ఆకారాలు) ఉన్నాయట. యాంటీబాడీలను వెలుగు రూపంలో చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు పంపిన ముక్కలో మాత్రం గ్లోమెరులై లేవట. మిగిలిన పారాఫిన్ బ్లాకు (మైనంలో భద్రపరిచిన ముక్క) మీదే ఇమ్యునోపెరాక్సిడేజ్ పద్ధతిలో యాంటీబాడీలు చూస్తామంటున్నారు. దాన్ని నమ్మవచ్చా? మళ్లీ బయాప్సీ చేయించాలా? మూడు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) 1.2 నుంచి 2.1కి పెరిగింది. తుది రిపోర్టు వచ్చాక చూద్దామని, నెల రోజులుగా వాడుతున్న స్టెరాయిడ్ ఆపేశాం. నడుం నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాడు.

జవాబు: చివరి మూడు వాక్యాలు మీరు యథాలాపంగా రాసినట్టున్నారు. నేను ముందు మాట్లాడేది వాటి గురించే. క్రెసెంట్లు ఉండి, క్రియాటినిన్ ఇంత వేగంగా పెరుగుతుంటే ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. ఇలాంటప్పుడు పూర్తి రిపోర్టు రాకముందే చికిత్స మొదలుపెట్టడం మామూలే. స్టెరాయిడ్ ఆపమని ఎవరు చెప్పారమ్మా? నెల రోజులు వాడిన మందును ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోవచ్చు, వాంతులు, తీవ్రమైన నీరసం రావచ్చు. ఈరోజే మీ నెఫ్రాలజిస్టుకు ఫోన్ చేసి మందు ఆపిన సంగతి చెప్పండి. మోతాదు ఆయనే నిర్ణయించాలి, మీరు కాదు. డైక్లోఫెనాక్ ఇక ఒక్క మాత్ర కూడా వద్దు.

ఇక పరీక్ష సంగతి. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా పంపి, గడ్డకట్టించి కోస్తారు. ఐజీజీ, ఐజీఏ అనే యాంటీబాడీలు, సీ3 అనే రోగనిరోధక ప్రొటీన్ వంటివి పేరుకున్న చోటు ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇమ్యునోపెరాక్సిడేజ్‌లో అదే చోట గోధుమరంగు వస్తుంది. మామూలు మైక్రోస్కోపు చాలు, రంగు త్వరగా వెలిసిపోదు. పారాఫిన్ బ్లాకులోని ముక్క ముందే ఫార్మలిన్‌లో వేసినది, చిక్కంతా దానితోనే. ఫార్మలిన్ ప్రొటీన్లను బిగించేస్తుంది, ఎంజైముతోనో వేడితోనో విప్పాలి. ఆ పని చాలకపోతే రంగు పట్టదు, మితిమీరితే కణజాలమే పాడవుతుంది. రక్తంలోని ప్రొటీన్లకూ రంగు పట్టి స్లైడంతా మురికిగా కనిపించడం నేను చూస్తూనే ఉంటాను. చేయి తిరిగిన ల్యాబులో ఫలితం బాగానే ఉంటుంది. పాజిటివ్ వస్తే సాధారణంగా పనికొస్తుంది. నెగటివ్ వస్తే మాత్రం అంతటితో వదిలేయకూడదు.

ఎందుకంటే గ్లోమెరులస్ గోడ వెంట ఐజీజీ సన్నని గీతలా ఉంటే యాంటీ జీబీఎం జబ్బును (యాంటీబాడీలు ఆ గోడ మీదే దాడి చేసేది) అనుమానిస్తాం. దానికి ప్లాస్మా మార్పిడి కూడా అవసరమవుతుంది. చుక్కలు చుక్కలుగా ఉంటే లూపస్, ఐజీఏ నెఫ్రోపతీ వంటివి. దాదాపు ఏమీ లేకపోతే ఆంకా వాస్కులైటిస్ (ఆంకా అనే యాంటీబాడీలతో ముడిపడిన రక్తనాళాల వాపు) వైపు చూస్తాం. పారాఫిన్ మీద తప్పిపోయే అవకాశం ఉన్నది ఆ సన్నని గీతే.

అందుకే యాంటీ జీబీఎం, ఆంకా, ఏఎన్ఏ, సీ3, సీ4 రక్తపరీక్షలు చేశారో లేదో అడగండి. వాటికి బయాప్సీ ముక్క అక్కర్లేదు. మళ్లీ సూది గుచ్చడం వల్ల రక్తస్రావం ముప్పు ఉంది కాబట్టి, అవసరమా కాదా అన్నది ఇవి చూశాకే తేలుతుంది. స్లైడ్లు చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.

దగ్గితే రక్తం పడినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.