అల్లం సోడా సీసా పేలింది, వాట్సాప్ చాట్ డిలీట్ చేసేయమంటున్నారు, చెయ్యొచ్చా?

ప్రశ్న: సర్, మాది గుంటూరు. మా ఆయన ఉద్యోగం పోయాక నేను ఇంట్లో అల్లం, పంచదార నీళ్ళలో పులియబెట్టి, నన్నారి సిరప్ కలిపి నేచురల్ సోడా చేసి మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో సీసా 70 రూపాయలకి అమ్ముతున్నాను. "నో ఆల్కహాల్, నో కెమికల్స్" అని స్టిక్కర్ కూడా వేయించాను. ఎండాకాలంలో పై ఫ్లాట్ అక్క నాలుగు సీసాలు తీసుకుంది, ఫ్రిజ్‌లో పెట్టకుండా వంటగదిలో పెట్టింది, ఒకటి పేలి వాళ్ళ బాబు చేతికి గాజు గుచ్చుకుని కుట్లు పడ్డాయి. ఆస్పత్రికి నేనే పరిగెత్తాను సర్, సొంత అక్కలా చూసుకున్నదాన్ని, ఇప్పుడు 4 లక్షలకి లాయర్ నోటీసు పంపింది. ఈలోగా ఫుడ్ సేఫ్టీ వాళ్ళు వచ్చి సీసాలు తీసుకెళ్ళారు, ఆల్కహాల్ 0.9 శాతం ఉందని ఒక కాయితం వచ్చింది, ఇంగ్లీషులో ఉంది, పక్కన పెట్టాను. నాకు లైసెన్స్ లేదు. ఫ్రిజ్‌లో పెట్టమని నోటితో చెప్పాను, గ్రూప్‌లో కూడా ఒకసారి పెట్టినట్టు గుర్తు. మా మరిది గ్రూప్ డిలీట్ చేసెయ్యి, ఊరికే ఇచ్చానని చెప్పు, హెచ్చరికతో కొత్త స్టిక్కర్లు కొట్టిద్దాం అంటున్నాడు. అయినా కొన్నది ఆవిడ, దెబ్బ తగిలింది బాబుకి, బాబు నా కస్టమర్ కాదు కదా. రెండేళ్ళు లాగితే కేసు పోతుందట, నిజమేనా?

జవాబు: అమ్మా, ఆవిడ మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో రాశారు, దాని గురించి నేను చెప్పగలిగేది ఏమీ లేదు, ఏ వినియోగదారుల కమిషనూ దాన్ని చదవదు కూడా. ఇంత పొడుగు ఉత్తరంలో ఒక్క తేదీ లేదు. సీసాలు ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు పేలింది, నోటీసు ఏ రోజు చేతికొచ్చింది, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఇంగ్లీషు కాయితం ఏ రోజు వచ్చింది? "పక్కన పెట్టాను" అని ఎంత తేలిగ్గా రాసేశారు. అది ఫుడ్ అనలిస్ట్ రిపోర్ట్, అంటే మీ సీసాల ల్యాబ్ పరీక్ష ఫలితం, దాని మీద అప్పీల్ చెయ్యడానికి అది మీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజులే టైమ్. ఇంగ్లీషు రాకపోతే పక్కింటి డిగ్రీ పిల్లాడితో అయినా చదివించుకోవాల్సింది. ఇది చదవడం ఆపేసి ముందు ఆ కవరు వెతకండి, పోస్టు ముద్ర మీద తేదీ చూడండి, కవరు పారేసుంటే మీ ఏరియా పోస్ట్‌మేన్‌ని అడగండి, సంతకం పెట్టించుకుని ఇచ్చే పోస్టు అయితే డెలివరీ తేదీ రికార్డు ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ కేసు మొత్తం ఒక్క వాక్యం మీద తిరుగుతోంది, "ఫ్రిజ్‌లోనే ఉంచాలి, బయట పెడితే సీసా పేలొచ్చు" అన్న మాట మీరు ఆ సీసాతో పాటు, ఆ ప్రమాదానికి ముందు, చూపించగలిగే విధంగా ఇచ్చారా లేదా అన్నది. నోటితో చెప్పాను అంటున్నారు, ఆవిడ చెప్పలేదంటుంది, అక్కడికి సరి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 లో సెక్షన్ 84 ప్రకారం వస్తువు తయారుచేసినవాళ్ళు దాన్ని ఎలా వాడాలో తగిన సూచనలు, ప్రమాదం ఉంటే హెచ్చరిక ఇవ్వకపోతే అదొక్కటే చాలు బాధ్యత మీద పడడానికి, మీకు చెడు ఉద్దేశం ఉందా లేదా అని ఎవరూ అడగరు. అందరికీ తెలిసిన ప్రమాదానికి హెచ్చరిక అక్కర్లేదని సెక్షన్ 87 లో ఒక మినహాయింపు ఉంది కానీ అది మీకు పనికిరాదు, ఎందుకంటే మనవాళ్ళు సోడా అంటే గోలీ సోడాయో షాపులో కోలాయో అనుకుంటారు, మూత పెట్టాక కూడా లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుందని ఎంతమందికి తెలుసు? మీకు తెలుసు. తెలిసినవాళ్ళే చెప్పాలి.

బాబు నా కస్టమర్ కాదు అన్న పాయింట్ వదిలేయండి. విచిత్రం ఏంటంటే మీలాంటి డ్రింక్ మీదే ఈ ప్రశ్న తేలిపోయింది. 1928 లో స్కాట్లాండ్‌లో పెయిస్లీ అనే ఊళ్ళో ఒకావిడకి స్నేహితురాలు జింజర్ బీర్ కొనిచ్చింది, సీసాలో కుళ్ళిన నత్త కనిపించిందని ఆవిడ తయారీదారు మీద దావా వేసింది, కొన్నది నువ్వు కాదు కదా అని వాళ్ళూ మీలాగే వాదించారు, 1932 లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికంటే పై కోర్టు, ఆ వాదన కుదరదంది. లా కాలేజీలో మొదటి ఏడాదే చదివిస్తారు. మన 2019 చట్టంలో అయితే అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు, కొన్నవాళ్ళ అనుమతితో వాడినవాళ్ళు కూడా వినియోగదారులే.

ఇక మీ మరిది గారి సలహాలు. ఆయనకి నేను చెప్పానని చెప్పండి, ఇంకొక్క సలహా ఇవ్వొద్దని. ఊరికే ఇచ్చాను అంటారా, మీ యూపీఐ ఖాతాలో 70, 140, 280 చొప్పున పడ్డ ఎంట్రీలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, మొదటి అబద్ధం దొరికాక మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. కొత్త స్టిక్కర్లు కొట్టిస్తే అది దొంగ సాక్ష్యం సృష్టించడం, పైగా ఫుడ్ సేఫ్టీ వాళ్ళు తీసుకెళ్ళిన సీసాల మీద పాత స్టిక్కరే ఉంది, రెండూ పక్కపక్కన పెడితే చాలు. చాట్ డిలీట్ చెయ్యడం, కోర్టుకి వెళ్ళబోయే రికార్డుని మాయం చెయ్యడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. ఇప్పటిదాకా మీది డబ్బుతో తేలే గొడవ, డిలీట్ నొక్కిన మరుక్షణం క్రిమినల్ కేసుకి మీరే తలుపు తీసినట్టు.

ఇంకో మాట, మీరు గ్రూప్‌లో ఫ్రిజ్‌లో పెట్టమని రాసినట్టు గుర్తు అన్నారే, ఆ ఒక్క మెసేజే ఈ కేసులో మీకున్న ఏకైక ఆస్తి! దాన్నే డిలీట్ చెయ్యమంటున్నాడు ఆయన. ఆవిడ ఫోన్‌లో, మిగతా మెంబర్ల ఫోన్లలో ఆ చాట్ ఎలాగూ ఉంటుంది, మీ దగ్గర డిలీట్ చేస్తే నష్టపోయేది మీరే. గ్రూప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఈ నిమిషమే ఆఫ్ చెయ్యండి, ఫోన్ మార్చకండి, రీసెట్ చెయ్యకండి, రిపేరుకి ఇవ్వకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి. స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి ఇస్తే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైల్ హాష్ వాల్యూ, అంటే ఫైలు మారలేదని చూపించే వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి, ఇది మీ లాయర్ చేయిస్తారు. ఆ మెసేజ్ తేదీ పేలిన తేదీకి ముందు ఉండాలి, ఆవిడ అప్పటికే గ్రూప్‌లో మెంబర్ అయ్యుండాలి, బ్లూ టిక్ పడి ఉంటే మరీ మంచిది, ఆవిడ దానికి ఒక థంబ్ బొమ్మ పెట్టి ఉంటే ఇంకా సంతోషం. పేలిన తర్వాత పెట్టిన మెసేజ్ అయితే మాత్రం అది ఆవిడకే సాక్ష్యం.

"ఫ్రిజ్‌లో ఉంచాలి" అన్న అదే మాట ఆల్కహాల్ రిపోర్టు విషయంలోనూ పనికొస్తుంది, ఎలాగో చూడండి. ఈస్ట్ పంచదారని తిన్నప్పుడు గ్యాసూ ఆల్కహాలూ బరువులో దాదాపు సరిసమానంగా పుడతాయి. షాపు కోలాలో లీటరుకి 6, 7 గ్రాముల గ్యాస్ ఉంటుంది, అంత చురచురలాడే సోడా మీరు పులియబెట్టి తెచ్చారంటే లీటరుకి సుమారు 6 గ్రాముల ఆల్కహాల్ కూడా వచ్చినట్టే, వాల్యూమ్ లెక్కలో 0.7 శాతం పైనే. మన ఆహార నిబంధనల్లో 0.5 శాతం దాటితే అది ఆల్కహాలిక్ బెవరేజ్. అంటే మీ స్టిక్కర్ మీద "నో ఆల్కహాల్" అన్న మాట నిలబడడం మొదటి నుంచీ కష్టమే, తెలియక వేశారని నేను నమ్ముతాను కానీ తప్పు లేబుల్‌కి, అంటే మిస్‌బ్రాండింగ్‌కి, ఆహార భద్రత చట్టం సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా పెనాల్టీ ఉంది. ఎవరన్నా గ్రూప్‌లో "కొంచెం కిక్ ఉంది" అంటే మీరు నవ్వు బొమ్మ పెట్టారా? పెట్టి ఉంటే మీ లాయర్‌కి ముందే చెప్పండి, ఎందుకంటే ఎక్సైజ్ చట్టంలో మద్యం అన్న మాటకి ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవమైనా వస్తుంది, ఆ వైపు ఫైలు కదలకుండా చూసుకోవాలి.

అయితే 0.9 అన్నది మీరు అమ్మిన రోజు లెక్క కాదు, ల్యాబ్‌లో మూత తీసిన రోజు లెక్క. మధ్యలో ఆ సీసా ఎక్కడుంది? ఐస్ బాక్స్‌లో వెళ్ళిందా, జీపులో ఎండకి వెళ్ళిందా, ల్యాబ్‌లో ఎన్ని రోజులు బయట ఉంది? గుంటూరు ఎండలో అలాంటి సీసా రెండు మూడు రోజులుంటే లోపల పులియడం ఆగదు, ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది. మీ అప్పీల్‌లో అసలు పాయింట్ ఇదే. కానీ మీ స్టిక్కర్ మీద "ఫ్రిజ్‌లో ఉంచాలి" అని లేకపోతే ఆఫీసర్ ఏమంటాడు, చల్లగా ఉంచాలని నాకెవరు చెప్పారు అంటాడు. మళ్ళీ ఆ ఒక్క వాక్యం దగ్గరికే వచ్చాం. ఇంకో జాగ్రత్త, అక్కడ అప్పీల్‌లోనూ, ఇక్కడ లాయర్ నోటీసుకి ఇచ్చే జవాబులోనూ ఒకే మాట ఉండాలి. అక్కడ ఎండకి పులిసిందని, ఇక్కడ మా సీసాలో గ్యాస్ పెరిగే అవకాశమే లేదని రాస్తే అవతలి లాయర్ రెండు కాయితాలూ తెచ్చి ఒకదాని మీద ఒకటి పెడతాడు.

శాంపిల్ తీసుకున్నప్పుడు ఫారం 5ఏ నోటీసు ఇచ్చి ఉండాలి, శాంపిల్ నాలుగు భాగాలు చేసి ఉండాలి, మీరు అడిగితే ఒక భాగం గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌కి పంపాలి. అడగలేదు కదూ. సరే. అప్పీల్ ఫారం 8 లో ఫుడ్ సేఫ్టీ శాఖలోని డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి ఇవ్వాలి, ఆయన ఒప్పుకుంటే శాంపిల్‌ని రెఫరల్ ల్యాబ్‌కి, అంటే మళ్ళీ పరీక్షించే పై ల్యాబ్‌కి, పంపుతారు. చేత్తో ఇచ్చి రసీదు తీసుకోండి.

రెండేళ్ళు లాగడం గురించి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి రెండేళ్ళ గడువు ఉన్నది నిజమే, కానీ ఆవిడ నోటీసు ఇప్పటికే పంపింది, రెండేళ్ళు నిద్రపోతుందని ఎందుకు అనుకుంటున్నారు? ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మాఫీ కూడా చేస్తుంది. పైగా బాబు మైనర్, సివిల్ దావాకి లిమిటేషన్ చట్టం సెక్షన్ 6 ప్రకారం మైనర్ గడియారం మేజర్ అయ్యాకే మొదలవుతుంది. ఫుడ్ సేఫ్టీ ప్రాసిక్యూషన్‌కి ఏడాది గడువు, ఫుడ్ సేఫ్టీ కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ళ దాకా పొడిగించొచ్చు. గడువు మీకు చుట్టం కాదు, ఆవిడకే చుట్టం. కమిషన్ నుంచి నోటీసు వస్తే మీ జవాబుకి 30 రోజులు, ఇంకో 15 పొడిగింపు, అంతే, 45 దాటితే ఒక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని 2020 లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. దాన్ని కూడా పక్కన పెట్టేరు!

లాయర్ నోటీసుకి జవాబు ఇవ్వండి, కానీ మీరు రాయకండి. అమ్మకం ఒప్పుకోవాలి, నిర్లక్ష్యం ఒప్పుకోకూడదు, హెచ్చరిక మెసేజ్ తేదీతో సహా చెప్పాలి, ఆస్పత్రి బిల్లులు, గాయం సర్టిఫికెట్, పగిలిన సీసా ముక్కల ఫోటోలు అడగాలి. ముక్కలు పారేశారా, పేలింది మీ సీసానే అని ఎలా చూపిస్తారు, అదీ అడగాలి. ఆ సీసాలు మీరు ఎక్కడ కొన్నారు? బిల్లు తియ్యండి. అలంకారానికి అమ్మే పల్చటి గాజు క్లిప్ సీసాలు గ్యాస్ ఒత్తిడికి చేసినవి కావు, అదే వాడి ఉంటే హెచ్చరిక ఉన్నా కొంత భారం మీ మీదే ఉంటుంది, దాచి లాభం లేదు. గ్యాస్ డ్రింకులకి పనికొస్తాయని చెప్పి మీకు అమ్మి ఉంటే ఆ అమ్మినవాళ్ళని కూడా ఇందులోకి లాగొచ్చు. అదే బ్యాచ్‌లో మిగిలినవి ఉంటే పారబొయ్యొద్దు, తెరవొద్దు, ఫ్రిజ్‌లో అడుగు అరలో మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

నా లెక్కలో ఇది రాజీకి వెళ్ళాల్సిన కేసు. కుట్లు పడిన గాయానికి 4 లక్షలు ఎక్కువే. ఆహార భద్రత చట్టం సెక్షన్ 65 లో కూడా తీవ్ర గాయానికి 3 లక్షల లోపు, మిగతా గాయాలకి లక్ష లోపు అని ఉంది, బేరానికి అది మీకు కొలబద్ద. వేలు కదలకపోవడం లాంటిది ఏమన్నా ఉంటే మాత్రం లెక్క మారుతుంది, డాక్టర్ కాయితం చూడాలి. డబ్బు ఇచ్చేటప్పుడు మెట్ల మీద క్యాష్ ఇచ్చి రాకండి, మైనర్ తరఫు రాజీ కాబట్టి కమిషన్‌లో కేసు పడ్డాక మీడియేషన్‌కి పంపమని అడిగి అక్కడ రికార్డు చేయించుకుంటే తర్వాత తిరగదోడడం కష్టం. ఫుడ్ సేఫ్టీ వైపు, స్వయంగా చేసి అమ్ముకునే చిన్న తయారీదారులకి సెక్షన్ 69 కింద లక్ష మించకుండా డబ్బు కట్టి కేసు ముగించుకునే కాంపౌండింగ్ ఉంది, జైలు శిక్ష రాసి ఉన్న నేరాలకి అది వర్తించదు. కేసు జాయింట్ కలెక్టర్ దగ్గరికి వెళ్తే పెనాల్టీ ఎంత అన్నది తేల్చేటప్పుడు మీకెంత లాభం వచ్చింది, ఇది మొదటిసారా, తెలిసి చేశారా అన్నవి సెక్షన్ 49 ప్రకారం చూడాలి, అప్పటికి అమ్మకం ఆపేసి ఉండడం మీకు మేలు.

కాబట్టి అమ్మకం ఇవాళ్టి నుంచే బంద్. మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు ఆన్‌లైన్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, చిన్నవాళ్ళకి కొద్దిపాటి ఫీజుతో అయిపోయే పని అది, చెయ్యకపోవడానికి సాకు లేదు. పులియబెట్టడం మానేసి నన్నారి, అల్లం సిరప్‌ని సోడా మెషిన్ గ్యాస్‌తో చేస్తే ఆల్కహాల్ గొడవా లేదు, సీసాలో గ్యాస్ పెరిగే గొడవా లేదు. లేదు, పులియబెట్టిందే అమ్ముతానంటే గాజు వద్దు, కోలా వచ్చే ప్లాస్టిక్ సీసాల రకం వాడాలి, ప్రతి బ్యాచ్‌కి ల్యాబ్ రిపోర్ట్ తీయించాలి, 0.5 దాటితే అది పారబోయడానికే.

లాయర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి: ఆ రిపోర్టు, దాని కవరు, లాయర్ నోటీసు, దాని కవరు, ఫారం 5ఏ ఉంటే అది, బ్యాంకు స్టేట్‌మెంట్, సీసాల బిల్లు, ఒక పాత స్టిక్కరు, మీ ఫోను. మరిది గారిని ఇంట్లోనే ఉండమనండి.